పెరోనా కంచం

పెరోనా పోయినప్పుడు ఒళ్ళు కడిగిన ఆడవాళ్ళు చేతుల దగ్గర ఆగిపోయారు. గోళ్ళ కింద నలుపు ఎంతకీ వదల్లేదు. బూడిద పెట్టి తోమారు, పులిసిన వైన్ పోసి తోమారు. చివరికి కసాయి వీధి మెంగా గిన్నె పక్కకి తోసేసింది. అప్పటికే మెంగాకు డెబ్బై దాటాయి.

"వదిలెయ్యండే. అది మురికి కాదు. నలభై ఏళ్ళు నూరిన గాజు. ఉండనీండి, పైన ఆనవాలు పట్టడానికి పనికొస్తుంది."

ఆ నలుపుతోనే ఆమెను సాగనంపారు.

పెరోనా పుట్టిల్లు వియెన్ నది మీద వంతెన దగ్గర. తండ్రి రాగి కొట్టేవాడు. లిమోజ్ అనే పేరు ఒక్కటే గానీ ఊళ్ళు రెండు, గోడలు రెండు. పైన కోట ఊరు, కింద బిషప్ గారి ఊరు. మధ్యలో నాలుగు ద్రాక్షతోటలు. ఒక ఊరి తీర్పు ఇంకో ఊళ్ళో చెల్లదు. కింది ఊరి పిల్ల పై ఊరి కోడలైతే మూడు తరాల దాకా 'వంతెన పిల్ల' అనే పిలుస్తారు. పద్దెనిమిదో ఏట ఎస్తేవను చేసుకుని పెరోనా పై ఊరి మానీన్ వీధిలోకి వచ్చినప్పుడు ఆమెకూ ఆ పేరే పడింది. చచ్చేదాకా పోలేదు, నలుపులాగే.

ఎస్తేవ రాగి పళ్ళేల మీద గాజుపూతతో బొమ్మలు వేసే మేస్త్రీ. ఆ వీధిలో కొలిమి లేని ఇల్లు లేదు. ఆకులూ తీగెలూ వేసేవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. ముఖం వేసి అందులో ఊపిరి పెట్టగలవాళ్ళు మాత్రం ముగ్గురో నలుగురో. ఎస్తేవ అందులో ఒకడు. పెళ్ళయిన మొదటి ఏడాదంతా పెరోనా చేసిన పని కల్వంలో గాజు నూరడం, నీళ్ళతో తేర్చడం, మళ్ళీ నూరడం. అయితే నూరే మనిషికి కళ్ళు ఖాళీగానే ఉంటాయి. ఆమె చూసింది.

ముందు రాగికి రెండు వైపులా పూత పూసి కాలుస్తారు. ముందువైపు నలుపు, దాని మీద పల్చగా తెలుపు. ఆ తెలుపు తడీ పొడీ కాని ఘడియలో సూదితో గీకితే కింది నలుపు పైకి తేలి కనుబొమ్మ అవుతుంది, ముడత అవుతుంది. తొందరపడితే పులుముకుపోతుంది. ఆలస్యమైతే సున్నంలా రాలిపోతుంది. పెరుగు తోడుకునే వేళ ఇల్లాలికి ఎలా తెలుస్తుందో ఆ ఘడియ కూడా అలాగే తెలియాలి, ఎవరూ చెప్పలేరు.

"మరి వెనకవైపు ఎందుకయ్యా పూత? ఎవరు చూస్తారు?" అని అడిగింది ఆ రోజుల్లో.

"వెనక పూత లేకపోతే మంటలో రాగి ఎండుటాకులా వంకరపోతుందే. ముందున్న రాజు ముక్కలైపోతాడు," అన్నాడు ఎస్తేవ.

వెనక పూత మాత్రం అద్దంలా తేటగా ఉంచేవాడు, కింద కొట్టిన ముద్ర కనపడాలని. ప్రతి మేస్త్రీకీ సంఘం ఇచ్చిన ఉక్కు ముద్ర ఒకటి ఉంటుంది. ఎస్తేవది చెస్ట్‌నట్ ఆకు, పైన చుక్క. ఆ ముద్ర లేని సరుకును ఏ వర్తకుడూ ముట్టుకోడు.

పెళ్ళయిన ఎనిమిదో ఏట ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. ఎస్తేవ బతికాడు, కుడిచేతికి మాత్రం వణుకు పట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తెలుపు పూసి సూది తీసుకున్నాడు. సూది ముఖం దాకా వెళ్ళింది, ఆనలేదు. మళ్ళీ వెళ్ళింది, ఆనలేదు. తెలుపు ఆరిపోతోంది. పెరోనా కల్వం వదిలి వచ్చి అతని వేళ్ళ మధ్య నుంచి సూది తీసుకుంది. పని అయ్యాక ఎస్తేవ ఆ ముఖం చాలాసేపు చూసి, "కంటి కొసన మూడు గీతలెందుకు పెట్టావ్?" అన్నాడు.

"నీకు అక్కడ మూడే ఉన్నాయి."

మర్నాటి నుంచి ఎస్తేవ సూది పట్టుకుని కిటికీ దగ్గర వీధికి ఎదురుగా కూర్చునేవాడు. పెరోనా లోపల గోడవైపు తిరిగి కూర్చునేది. వీధికి మేస్త్రీ కనిపించేవాడు, పళ్ళేనికి మేస్త్రీ పెళ్ళాం కనిపించేది. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ఆ తొమ్మిదేళ్ళలోనే ఎస్తేవ పేరు మోగింది. "ఈ మధ్య నీ ముఖాలకి పదునొచ్చిందోయ్," అని సంఘం పెద్ద గోవెన్ మేస్త్రీ అంతటివాడు కిటికీ దగ్గర ఆగి మెచ్చుకుని వెళ్ళాడు.

అప్పుడే ఒక ప్రభువు గారి దివాను వచ్చి పన్నెండు మంది రోము చక్రవర్తుల పళ్ళేలు కావాలన్నాడు. అలాంటి పళ్ళేల్లో ఎవరూ అన్నం తినరు. గోడకు పెట్టుకుంటారు, చుట్టాలకు చూపించుకుంటారు. లియోన్ నుంచి అచ్చుబొమ్మల కాగితాలు వచ్చాయి. పేగుల కూర గిన్నెతో వచ్చిన మెంగా ఒక్కో కాగితం తీసి చూసింది. మెంగా పుట్టిందీ మెట్టిందీ కసాయి ఇళ్ళలోనే, ఏ ముఖం చూసినా ముందు తూకం వేస్తుంది.

"ఈ గెడ్డం కింద గెడ్డం, దాని కింద ఇంకో గెడ్డం ఎవరిది?"

"విటెల్లియుస్ అట."

"కొవ్వే పోతుంది, మాంసం లేదు. ఇదిగో, ఈ వంకర ముక్కాయన ఎవరు, ఇరవై ఏళ్ళ నుంచీ పంటినొప్పి ఉన్నట్టున్నాడు?"

కాగితం కింద ఉన్నది ఎస్తేవ చదివాడు. "గాల్బా. ఏడు నెలలు ఏలాడు."

"ఏడు నెల్లా? మన ఊరు ఏలే కాన్సుల్ కూడా ఏడాది కూర్చుంటాడే. అంత మాత్రానికి కిరీటం ఎందుకు, టోపీ చాలదూ?"

"ఏడు నెలలే," అంది పెరోనా, కాగితం తన వైపు తిప్పుకుంటూ. "కానీ ముఖం ఇంకా గీయిస్తున్నారుగా."

ఆరుగురు చక్రవర్తులు పూర్తయ్యారు. ఏడోవాడు గాల్బా. ఎస్తేవ మంచం పట్టాడు. ఈసారి లేవనని అతనికి తెలిసిపోయింది. ఇంట్లో ఉన్న రాగి పళ్ళేలన్నీ మంచం దగ్గరకు తెప్పించుకున్నాడు. సుత్తి అడిగాడు, ముద్ర అడిగాడు. మేస్త్రీ ముద్ర పడ్డ రాగి మొదలైన పని కిందికి వస్తుందని సంఘం కట్టుబాటు. మేస్త్రీ పోతే, మొదలైన పనిని భార్య ముగించుకోవచ్చు. కొత్త పని మొదలుపెట్టడానికి మాత్రం వీల్లేదు. ముద్రను విరిచేస్తారు.

"చెయ్యి వణుకుతోందిగా, పడుకో," అంది పెరోనా.

"సూదికే వణక్కూడదు. సుత్తిది ఏముంది, ఎలా పడ్డా ముద్ర మీదే పడాలి."

"ఇరవై రెండు ఎందుకయ్యా? చక్రవర్తులు ఆరుగురేగా మిగిలింది."

"ఆ ఆరుగురూ వెళ్ళిపోయాక ఏం తింటావే? రాగి తింటావా?"

కొట్టాడు, ఆయాసం తీర్చుకున్నాడు, మళ్ళీ కొట్టాడు. రెండు రోజులు పట్టింది. ఇరవై రెండోది కొట్టి సుత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. మూడో రోజు పోయాడు.

నలభై రోజులు నిండగానే సంఘం పెద్దలు ముగ్గురు వచ్చారు. గోవెన్ మేస్త్రీ ముందు నడిచాడు. వెనక ముసలి ఇటియే మేస్త్రీ, ఒక చెవి వినపడదు. మూడో ఆయన చివరిదాకా నోరు తెరవలేదు. గోవెన్ ముద్ర తీసి జేబులో వేసుకోబోతూ మూల పేర్చి ఉన్న పళ్ళేల దొంతర చూశాడు. పై పళ్ళెం తిరగేశాడు. దాని కిందిది తిరగేశాడు. మొత్తం తిరగేశాడు.

"ఇవన్నీ ఎప్పుడు కొట్టాడు?"

"చచ్చేముందు. మేస్త్రీ కొట్టిన ముద్ర మొదలైన పనేగా, మేస్త్రీ గారూ? కట్టుబాటు మీకు నేను చెప్పాలా?"

గోవెన్ గొంతు మెత్తబడింది. "చూడమ్మాయ్, నీ మంచికే చెబుతున్నా. మా అన్న కొడుకు బర్తోమి ఉన్నాడు. పెళ్ళాం పోయి ఏడాదైంది. పద్ధతైన మనిషి. వాణ్ణి చేసుకో. కొలిమి నిలబడుతుంది. వాడు కిటికీ దగ్గర కూర్చుంటాడు, నువ్వు నూరుకో."

"కిటికీ దగ్గర కూర్చోడానికే అయితే సెయింట్ మిషెల్ చర్చి ముందు రాతి సింహాలున్నాయి. ఒకదాన్ని తెచ్చుకుంటా. తిండి కూడా పెట్టక్కర్లేదు."

ఇటియే మేస్త్రీ నవ్వాడు. వినపడని చెవి ఏదో గానీ, అది మాత్రం ఆ వైపు ఉన్నట్టు లేదు.

గోవెన్ నవ్వలేదు. "సరే. ముద్ర ఎస్తేవది. మరి ముఖాలు ఎవరు గీస్తారు?"

పెరోనా లోపల లెక్క వేసుకుంది. నేనే అంటే తొమ్మిదేళ్ళ పళ్ళేలు దొంగ సరుకవుతాయి. మట్టి ఇంకా ఆరని సమాధిలో ఎస్తేవ మోసగాడవుతాడు. నేను కాదంటే ఈ కొలిమి ఈ పూటే చల్లారుతుంది, రేపు బర్తోమి కుర్చీ వచ్చి కిటికీ దగ్గర పడుతుంది. ఆమె గోళ్ళ కింది నలుపు చూసుకుంది.

"గురువారం రండి. గాల్బాని గీసి కాలుస్తాను. మీరే చూసి చెప్పండి."

గురువారం వచ్చారు. పిలవకపోయినా మెంగా కూడా వచ్చి తలుపు దగ్గర బల్ల వేసి ఉన్న చోట కూలబడింది. పెరోనా తెల్లపూత పూసింది. పళ్ళేన్ని ఓరగా పట్టి వెలుతురు చూసింది. చూసి చూసి, సూది దించింది. కనుబొమ్మ, ముక్కు వంపు, బిగించిన పెదవి, తల చుట్టూ ఆకుల కిరీటం. చివరికి కంటి కొసన మూడు గీతలు. తెలుపు ఆరిపోయేసరికి ఆమె సూది తుడుచుకుంటోంది.

గోవెన్ దగ్గరకు వంగాడు. ఆ మూడు గీతల దగ్గర అతని చూపు ఆగిపోయింది. కిటికీ దగ్గర ఆగి తను మెచ్చుకున్నవే అవి. మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

"ఇది ఎస్తేవ చెయ్యి."

"ఎస్తేవ చెయ్యి సమాధిలో ఉంది, మేస్త్రీ గారూ. మీరు తొమ్మిదేళ్ళుగా చూస్తున్నది దీన్నే."

"అంటే తొమ్మిదేళ్ళు సంఘాన్ని..." గోవెన్ మొహం ఎర్రబడింది. "ఆ పళ్ళేలన్నీ తెప్పించి పగలగొట్టిస్తా."

"ముందు నీ ఇంట్లోది పగలగొట్టు గోవెన్," అన్నాడు ఇటియే మేస్త్రీ తీరిగ్గా. "మీ కోడలికి పెళ్ళిలో పెట్టావుగా. లిమోజ్ మొత్తంలో దీన్ని మించిన ముఖం లేదని నా చెవి చిల్లు పడేట్టు చెప్పావు. చెవి అప్పుడే పోయింది నాకు."

మెంగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గోవెన్ మాట మార్చాడు.

"గీతలు కోతి కూడా గీస్తుంది. కాల్చడం చూడాలి. జపం నేను చెబుతా."

మానీన్ వీధిలో కాలుపుకి ఇసక గడియారాలు ఉండవు. పరలోక ప్రార్థన చెబుతూ కొలుస్తారు. ఈ పూతకు రెండు, ఆ పూతకు మూడు. అయితే ప్రార్థన ఒక్కటే గానీ ఏ ఇంటి వేగం ఆ ఇంటిదే. కొందరు గుర్రం తోలినట్టు చెబుతారు, కొందరు దున్న నడిచినట్టు చెబుతారు. ఎవరి కొలిమికి వాళ్ళ నోరు అలవాటు పడుతుంది. పక్కింటివాడి జపంతో కాలిస్తే పళ్ళెం పచ్చిగానైనా ఉంటుంది, మాడనైనా మాడుతుంది. సంఘం పెద్దకు ఈ సంగతి తెలియక కాదు.

పెరోనా పళ్ళేన్ని మంటలో పెట్టింది. గోవెన్ చేతులు జోడించి, పండగనాడు చర్చిలో నిలబడ్డట్టు మొదలుపెట్టాడు. ఒక్కో మాటా దిగి, కూర్చుని, లేచి వెళ్తోంది. మూడు చెప్పాలి. మొదటిది అయ్యేసరికే కొలిమి నోట్లో పళ్ళెం ఎర్రబారింది. రెండోది నడుస్తుండగా పూతకు చెమట పట్టింది. తడిసిన నల్లరాయిలా నిగనిగలాడింది. ఇంకో నాలుగు మాటలు ఆగితే తెలుపు నలుపులోకి దిగబడిపోతుంది, ముఖం ఉండదు. 'అనుదిన ఆహారము' దగ్గర ఉన్నాడు గోవెన్. ఊపిరి తీసుకుంటున్నాడు.

పెరోనా పట్టకారు పెట్టి పళ్ళెం బయటకు లాగేసింది.

గోవెన్ నోరు ఆగిపోయింది.

"ప్రార్థన సగంలో తెంచావు," అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, అందుకే భయం వేసింది. "ఈ మధ్య ఊళ్ళో ప్రార్థనలు నచ్చనివాళ్ళు తయారవుతున్నారు. వాళ్ళని కొయ్యకి కట్టి కాలుస్తున్నారు, విన్నావా?"

మెంగా లేచి నిలబడింది. మూడో పెద్దమనిషి తలుపు వైపు చూశాడు. పెరోనా పట్టకారు దించలేదు. దాని కొసన గాల్బా ఇంకా ఎర్రగా వెలుగుతున్నాడు.

"నేను తెంచలేదు మేస్త్రీ గారూ. పళ్ళెం తీశానంతే. ఆపింది మీరు. 'అనుదిన ఆహారము' దగ్గరున్నాం. చెప్పండి, నేనూ అంటాను."

అతను చెప్పలేదు. పెరోనాయే అందుకుంది. చెయ్యి కదలకుండా, కళ్ళు అతని మీది నుంచి తిప్పకుండా, మిగిలిన సగమూ చెప్పింది. లెక్క ప్రకారం మూడోది కూడా మొదటి నుంచి చెప్పింది. మెంగా గొంతు కలిపింది. ఇటియే మేస్త్రీ టోపీ తీసి కలిపాడు. ఇక గోవెన్ కూడా పెదాలు కదపక తప్పలేదు. ఆమేన్ అనేసరికి పళ్ళెం నల్లబడి, బూడిదరంగు తేలి, టిక్కు టిక్కుమంటూ చల్లారుతోంది. పగులు లేదు. గాల్బా పంటినొప్పి ముఖంతో అందరినీ చూశాడు.

ఇటియే దాన్ని వెనక్కి తిప్పి ముద్ర చూశాడు, ముందుకు తిప్పి ముఖం చూశాడు. "మాడలేదు, పచ్చిగా లేదు. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఇరవై రెండూ ఆమె ముగించుకోవచ్చని తీర్పు చెప్పారు. ఆఖరిది కాలిన రోజు కొలిమి మూసెయ్యాలి. ఉక్కు ముద్రను మాత్రం గోవెన్ అప్పటికప్పుడే దిమ్మె మీద పెట్టి విరిచాడు. మూడు దెబ్బలు పట్టింది. పెరోనా రెండు ముక్కలూ ఏరుకుని గౌను జేబులో వేసుకుంది.

పన్నెండు మంది చక్రవర్తులూ దివాను గారి బండెక్కి వెళ్ళిపోయారు. మిగిలిన పదహారింటినీ ఆమె ఏడేళ్ళు చేసింది. తొందరపడలేదు. ప్రతి దానికీ వెనక తేట పూతే పూసింది, ఎస్తేవ ఆకూ చుక్కా కనపడేలా. కిటికీ దగ్గర తనే కూర్చుంది. గోవెన్ అటు వెళ్ళినప్పుడల్లా, "ఎన్ని మిగిలాయి?" అనేవాడు.

"మీ పళ్ళకంటే రెండెక్కువే," అనేది.

ఆఖరి రాగి చేతికి వచ్చేసరికి వసంతం. ఏడేళ్ళకోసారి సెయింట్ మార్సల్ అస్థికలు బయటకు తీసి ఊరేగించే పండుగ దగ్గరపడుతోంది. ఏ ముఖం వెయ్యాలని ఆమె ఆలోచించలేదు. గాల్బానే. పాత కాగితం చిరిగిపోయింది, తలలో ఉన్నాడు చాలు.

వెనకవైపు పూత దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఒక గిన్నెలో తేట పూత, ఒక గిన్నెలో నలుపు. రాగి మీద ఆ చెస్ట్‌నట్ ఆకు కాస్త వంకరగా పడింది. ఇరవై రెండోది కదా, ఓపిక అయిపోయి కొట్టినది. బొటనవేలితో దాన్ని తడిమింది. మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది.

"తొమ్మిదేళ్ళు నేను నీ వెనక ఉన్నాను," అంది చివరికి, పక్కన మనిషి ఉన్నట్టే. "ఈ ఒక్కదానికి నువ్వు నా వెనక ఉండు. వంకరపోకుండా పట్టుకో."

నలుపు పూసింది. ఆకూ చుక్కా దాని కిందికి వెళ్ళిపోయాయి.

ఆమెకు చదవడం రాదు. అక్షరాలు బొమ్మల్లా గీయడం వచ్చు. చర్చి రాయసగాడి చేత ఒక ముక్క రాయించుకుంది. ముఖం కాలాక, గాల్బా భుజం పక్కన, ముందువైపునే, బంగారంతో దాన్ని దించింది: నన్ను పెరోనా చేసింది.

పెద్దలు వచ్చి చూశారు. ఇటియే మేస్త్రీ అప్పటికి లేడు. ఆడమనిషి ముందువైపు పేరు పెట్టకూడదని కట్టుబాటులో ఎక్కడా లేదు. ఎవరైనా పెడతారని ఎవరికీ తోచలేదు మరి. గోవెన్ చాలాసేపు వెతికి, ఉన్నదాన్నే పట్టుకున్నాడు.

"ముద్ర కనపడటం లేదు. దీన్ని ఈ ఊళ్ళో అమ్మడానికి వీల్లేదు. గోడకి తగిలించుకుని ఏడువు. పండగ దాటేలోగా కొలిమి తీసెయ్యాలి."

"తీసేస్తాను," అంది పెరోనా. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అతనికి అనుమానం వేసి ఉండాలి.

పండుగ నాడు మానీన్ వీధి గడపలన్నీ పూలే. అందరూ ఉతికిన బట్టల్లో నిలబడ్డారు. పెరోనా గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గాల్బా. గాల్బా మీద ఉడకబెట్టిన చెస్ట్‌నట్లు, రెండు ముల్లంగి ముక్కలు, ఉప్పు. పక్కన మెంగా. ఆమె వెనక కసాయి వీధి బండి, దాని నిండా మసిబారిన ఇటుకలు.

సంఘం జెండా వెనక గోవెన్ నడిచి వస్తున్నాడు. ముందు కంచం కనిపించింది, తర్వాత బంగారు అక్షరాలు కనిపించాయి. ఊరేగింపు మెల్లగా నడుస్తోంది కాబట్టి ఆగడానికి వీలు దొరికింది.

"దీన్ని అమ్మకూడదన్నాం."

"అమ్మకూడదన్నారు. తినకూడదనలేదుగా." గింజ ఒలిచి తొక్కు చక్రవర్తి ముక్కు మీద పడేసింది. "ఈ ముఖం మీద తిన్నవాళ్ళు లిమోజ్‌లో ఇంకెవరైనా ఉన్నారా, మేస్త్రీ గారూ? మీ కోడలు తిందా?"

అతను బండి వైపు చూశాడు. "ఈ ఇటుకలేమిటి?"

"కొలిమి. తీసెయ్యమన్నారుగా. వంతెన దగ్గర మా నాన్న ఇంటికి పోతోంది."

"ముద్ర లేని సరుకు ఎవరు కొంటారక్కడ?"

మెంగాకి ఇక ఉండబట్టలేదు. "దివాను గారు పెద్ద పళ్ళెం కావాలని చెప్పి వెళ్ళాడు, మొన్ననే. ముద్ర అడగలేదు మేస్త్రీ గారూ. కంటి కొసన మూడు గీతలుంటే చాలన్నాడు."

వెనక నుంచి పాటగాళ్ళు తోసుకొస్తున్నారు. గోవెన్ అడుగు వెయ్యక తప్పలేదు. జెండా పై ఊరి గుమ్మం దాకా వెళ్తుంది, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. అంతకంటే కిందికి ఏనాడూ వెళ్ళలేదు.

పెరోనా మిగిలిన గింజలు తొందరపడకుండా ఒలుచుకుని తింది. తొక్కులు దులిపి, ఉప్పు పోయేలా కంచాన్ని గౌనుతో తుడిచి, వెనకవైపు ఒకసారి నిమిరి, బండెక్కింది.